చేను ఒత్తుగా ఉంది, యూరియా వేశాను. మరి గోధుమ పిండికి సాగుడు ఎందుకు లేదు?

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా. నల్లరేగడి భూమి, బోరు నీళ్లు. వానాకాలం సోయా తీసిన తర్వాత మూడెకరాల్లో యాసంగి పంటగా లోక్‌వన్ గోధుమ వేశాను. చేను ఒత్తుగా వస్తే దిగుబడి పెరుగుతుందని ఎకరాకు 60 కిలోల విత్తనం చల్లాను. ఎకరాకు ఒక బస్తా డీఏపీ, ఒక బస్తా యూరియా విత్తేటప్పుడు, ఇంకో బస్తా యూరియా మొదటి తడికి వేశాను. ఎకరాకు 13 క్వింటాళ్లు వచ్చింది. పల్లం వైపు చేను కొంత పడిపోయింది. పట్నంలో బేకరీ నడిపే మా బావమరిదికి రెండు క్వింటాళ్లు పిండి పట్టించి పంపితే, ముద్దలో సాగుడు లేదని, బ్రెడ్డు పొంగక గట్టిగా వచ్చిందని అన్నాడు. ఇంట్లో చపాతీలు మాత్రం బాగానే ఉన్నాయి. గింజ కొరికి చూస్తే కొన్నిటిలో తెల్లటి సున్నపు మచ్చలు కనిపించాయి. వచ్చే ఏడాది విత్తనం తగ్గించాలా, పెంచాలా? మూడో బస్తా యూరియా వేస్తే పిండి బాగుపడుతుందా?

జవాబు: మీ ఉత్తరం మొత్తంలో నాకు ఎక్కువ ఉపయోగపడింది చివర రాసిన సున్నపు మచ్చల సంగతి. గోధుమ గింజ లోపల పిండిపదార్థపు రేణువులు ఉంటాయి, వాటి మధ్య సందులను మాంసకృత్తు నింపుతుంది. మాంసకృత్తు చాలినంత ఉంటే గింజ లోపలంతా గట్టిగా అతుక్కుపోయి, కోసినప్పుడు గాజుముక్కలా నిగనిగలాడుతుంది. చాలకపోతే ఆ సందుల్లో గాలి మిగులుతుంది, కోసిన చోట సున్నం పూసినట్టు తెల్లగా కనిపిస్తుంది. మాంసకృత్తు తయారయ్యేది నత్రజనితోనే, అంటే గింజ నిండే రోజుల్లో మీ చేనుకు నత్రజని చాలలేదని గింజే చెబుతోంది. మీరు వేసిన మొత్తం తక్కువేమీ కాదు. డీఏపీ బస్తాలో 9 కిలోలు, 45 కిలోల యూరియా బస్తాలు రెండింటిలో 41 కిలోలకు పైగా, కలిపి ఎకరాకు 50 కిలోల నత్రజని మీరు వేశారు. మధ్య, దక్షిణ భారతంలో నీటి కింద సకాలంలో విత్తిన గోధుమకు సాధారణంగా చెప్పే మోతాదు హెక్టారుకు 120 కిలోలు, అంటే ఎకరాకు 48. మీది దానికి సరిగ్గా సరిపోయింది. కాబట్టి మూడో బస్తా అవసరం లేదని ముందే చెబుతున్నాను. ఉన్న రెండు బస్తాలు ఎప్పుడు వేశారన్నది, ఆ నత్రజనిని ఎన్ని మొక్కలు పంచుకున్నాయన్నది చూడాలి. మీరు అడిగిన రెండు ప్రశ్నలూ నిజానికి ఒకటే ప్రశ్న.

ముందు సాగుడు అంటే ఏమిటో చెప్పుకుంటే మిగతాది సులభంగా అర్థమవుతుంది. గోధుమలోని మాంసకృత్తులో ఎక్కువ భాగం గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే రెండు రకాలు. పిండిలో నీళ్లు పోసి పిసికినప్పుడు ఈ రెండూ కలిసి గ్లూటెన్ అనే జిగురు వలగా అల్లుకుంటాయి. గ్లయాడిన్ వల్ల ముద్ద సాగుతుంది, గ్లూటెనిన్ వల్ల సాగిన ముద్ద తిరిగి ముడుచుకునే బలం వస్తుంది. ఈస్టు వదిలే గాలిని ఆ వల పట్టి ఉంచితేనే బ్రెడ్డు పొంగుతుంది. వల పలుచనైతే గాలి జారిపోయి రొట్టె బరువుగా, గట్టిగా దిగుతుంది. బ్రెడ్డు చేసేవారు సాధారణంగా 12 శాతానికి తగ్గని మాంసకృత్తు కోరుకుంటారు. చపాతీకి 10 నుంచి 12 శాతం చాలు, అంతకు మించిన గట్టి జిగురు ఉంటే వత్తిన చపాతీ కర్ర కిందే ముడుచుకుపోతుంది. బిస్కెట్లకైతే 10 శాతానికి లోపు మాంసకృత్తు ఉన్న మెత్తటి గోధుమే మేలు. మీ ఇంట్లో చపాతీలు మెత్తగా రావడం, అదే పిండితో బ్రెడ్డు పొంగకపోవడం ఒకదానికొకటి విరుద్ధమైన విషయాలు కావు. రెండూ కలిపి చూస్తే మీ గింజ 10 శాతం దగ్గర ఉందని నా అంచనా, ప్రయోగశాలలో చూపిస్తే కచ్చితమైన అంకె తెలుస్తుంది.

ఇక్కడ రకం పాత్ర మరిచిపోకూడదు. గ్లూటెనిన్‌లో ఏయే ఉపభాగాలు ఉండాలో మొక్క పుట్టుకతోనే నిర్ణయమవుతుంది. ఉదాహరణకు 5+10 అని అంకెలతో పిలిచే జంట ఉన్న రకాల ముద్దకు బలం ఎక్కువ, 2+12 ఉన్న వాటికి తక్కువ. మన దేశపు పాత నాటు గోధుమ ‘నాప్ హాల్’లో ఈ రెండు జంటలూ లేవు, అందుకే దాన్ని బిస్కెట్ గోధుమల తయారీలో వాడుకున్నారు. గింజ గట్టిదా మెత్తదా అన్నది కూడా వంశం నుంచే వస్తుంది. నత్రజని ఎంత వేసినా ఈ గుణాలు మారవు. జిగురు ఏ జాతిదో విత్తనం నిర్ణయిస్తుంది, ఎంత ఉంటుందో నత్రజని, నీళ్లు, ఎండ నిర్ణయిస్తాయి. గుజరాత్‌లోని సనోసరాలో ఉన్న లోక్‌భారతి సంస్థలో పుట్టిన మీ లోక్‌వన్‌కు చపాతీ గోధుమగానే మార్కెట్లో పేరు. దాన్ని బ్రెడ్డు వైపు కొంత దూరం తీసుకురావచ్చు, పూర్తిగా మార్చలేము. బేకరీ బేరం మీకు ముఖ్యమైతే, బ్రెడ్డు గుణం బాగుందని సిఫారసు ఉన్న, మన ప్రాంతం ఉన్న ద్వీపకల్ప మండలానికి (పెనిన్సులర్ జోన్) విడుదలైన రకాన్ని అరెకరంలో పక్కన వేసి చూడటం మంచిది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం, ఎందుకంటే ఇది చూసిన తర్వాతే నాకు కూడా ఈ విషయం మీద గట్టి నమ్మకం కుదిరింది. గోధుమలో మాంసకృత్తు శాతాన్ని 5.7తో భాగిస్తే అందులోని నత్రజని శాతం వస్తుంది. 10 శాతం మాంసకృత్తు ఉన్న క్వింటాలు గోధుమలో 1.75 కిలోల నత్రజని, 12 శాతం ఉన్న క్వింటాలులో 2.1 కిలోలు ఉంటుంది. మీ 13 క్వింటాళ్లకు లెక్క కడితే మొదటిదానికి దాదాపు 23 కిలోలు, రెండోదానికి 27 కిలోల పైచిలుకు. తేడా ఎకరాకు నాలుగున్నర కిలోల నత్రజని, అంటే 10 కిలోల యూరియా. వేసిన దాంట్లో సగమే గింజకు చేరుతుందనుకున్నా 20 కిలోలు. పొంగే రొట్టెకూ పొంగని రొట్టెకూ మధ్య పొలంలో ఉన్న తేడా అరబస్తా యూరియా కంటే తక్కువన్నమాట. ఆ అరబస్తా మీ పొలంలోనే ఉంది, కానీ గింజకు కావలసిన రోజుల దాకా నిలవలేదు.

అది ఎక్కడికి పోయిందో చూద్దాం. మీరు వేసిన నత్రజని అంతా విత్తిన 20, 22 రోజుల్లోపే భూమిలో పడిపోయింది. ఆ వయసులో గోధుమ మొక్క అరచేతి ఎత్తు ఉంటుంది, దాని ఆకలి తక్కువ. క్షార గుణం ఉన్న నల్లరేగడి మీద యూరియా పైపైన చల్లి వదిలితే కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. తడి తర్వాత మడిలో నీళ్లు రెండు మూడు రోజులు నిలిస్తే, నైట్రేటుగా మారిన భాగంలో కొంత వాయువై పోతుంది. మిగిలినదాన్ని మొక్క పిలకలు, అంటే మొదలు నుంచి పుట్టే పక్క కాడలు, వేయడానికి ఖర్చు చేస్తుంది. తొలి నత్రజని పిలకల సంఖ్యను, కంకుల సంఖ్యను, అంటే దిగుబడిని పెంచుతుంది. పొట్ట దశ (కంకి ఇంకా ఆకు తొడుగులోనే ఉన్న దశ) నుంచి పూత దాకా అందిన నత్రజని కంకుల సంఖ్యను పెంచలేదు, ఆ లెక్క అప్పటికే తేలిపోయి ఉంటుంది. అందుకే అది ఆకులో నిలిచి, తర్వాత గింజలో మాంసకృత్తుగా మారుతుంది. వరి రైతులు చిరుపొట్ట దశలో యూరియా ఎందుకు వేస్తారో మీకు తెలిసిందే. గోధుమలో ఆ చివరి విడతకు తూకంతో పాటు పిండి గుణం అనే అదనపు ఫలితం కూడా ఉంది.

గింజలోకి చేరే నత్రజనిలో మూడింట రెండు వంతులు, చాలాసార్లు అంతకన్నా ఎక్కువ, పూతకు ముందే మొక్క తీసుకుని ఆకుల్లోనూ కాడలోనూ దాచుకున్నదే. పూత తర్వాత ఆకులు పండుతూ ఆ నత్రజనిని కంకికి అప్పగిస్తాయి. అన్నిటికంటే పైన ఉండే పోటాకు, దాని కింది ఆకు పచ్చగా, నిండుగా ఉన్న చేను గింజ నిండేటప్పుడు ఆస్తి ఉన్న ఇల్లులాంటిది. పూత నాటికే కింది ఆకులు ఎండి, పోటాకు లేత పసుపుకు తిరిగిన చేనుకు ఇవ్వడానికి ఏమీ మిగలదు. పిండిపదార్థం మాత్రం ఎండ, నీళ్లు ఉన్నంతకాలం గింజలో పేరుకుంటూనే ఉంటుంది, మాంసకృత్తు శాతం పలుచనవుతుంది. దిగుబడి పెరిగిన కొద్దీ మాంసకృత్తు శాతం తగ్గడమనే పాత చిక్కు ఇక్కడిదే.

ఇక విత్తనం సంగతి. ఎకరాకు 60 కిలోలు అన్నది కిలోల లెక్క. మొక్కకు కిలోలతో పని లేదు, పక్క మొక్క ఎంత దూరంలో ఉందన్నదే దానికి ముఖ్యం. 1,000 గింజల బరువు 40 గ్రాములు ఉన్న విత్తనమైతే 60 కిలోల్లో 15 లక్షల గింజలు ఉంటాయి, ఎకరాలోని 4,047 చదరపు మీటర్లకు పంచితే చదరపు మీటరుకు 370 గింజలు. సిఫారసు చేసే 40 కిలోలైతే దాదాపు 247. రెండింటిలోనూ నూటికి 85 మొలిచాయనుకుంటే మీ చేనులో చదరపు మీటరుకు 300కు మించి మొక్కలు, సిఫారసు చేనులో 210. నీటి కింద గోధుమకు చదరపు మీటరుకు 350 నుంచి 450 కంకులు నిలిస్తే చాలు. 210 మొక్కలు ఒక్కొక్కటి తల్లి కాడతో పాటు ఒక పిలకను నిలుపుకున్నా ఆ లెక్క అందుతుంది. కాబట్టి అదనంగా చల్లిన 20 కిలోలు మీకు ఇచ్చిన కంకులు కొద్దివే. ఎక్కువ మొక్కలు ఉన్నచోట ఒక్కో మొక్క పిలకలు తగ్గించుకుంటుంది, చివరికి కంకుల సంఖ్యలో తేడా కొద్దిగానే మిగులుతుంది. గోధుమకు ఉన్న ఈ సర్దుబాటు గుణాన్ని మనం తరచుగా తక్కువ అంచనా వేస్తాం.

కానీ ఆ సర్దుబాటుకు ఖర్చు ఉంది. ఒత్తు చేనులో పిలకలు పుట్టి, చోటు చాలక, సగంలో చనిపోతాయి. అవి తిన్న నత్రజనిలో కొంత తిరిగి మొక్కకు వస్తుంది, కొంత ఎండిన ఆకులోనే ఉండిపోతుంది. మొక్కలు ఒకదానికొకటి నీడ పడి కింది ఆకులు తొందరగా పండిపోతాయి. భూమిలో ఉన్న కాస్త నత్రజనిని ఎక్కువ కాడలు, ఎక్కువ గింజలు పంచుకుంటాయి. గింజ చిన్నదవుతుంది, ఒక్కో గింజకు అందే నత్రజని తగ్గుతుంది. అయితే నిజం చెప్పాలంటే, నత్రజని చాలినంత, సమయానికి అందిన చేనులో విత్తన మోతాదు మాంసకృత్తు శాతాన్ని మార్చేది స్వల్పమే. నత్రజని కొరత ఉన్నప్పుడే ఒత్తు విత్తనం చేసే నష్టం బయటపడుతుంది. మీ చేనులో ఆ రెండూ ఒకేసారి కలిశాయి: మొక్కలు ఎక్కువ, చివరి రోజుల నత్రజని తక్కువ.

పడిపోవడం కూడా ఈ రెంటి కలయికే. నీడలో పెరిగిన కాడ వెలుతురు కోసం సన్నగా, పొడుగ్గా సాగుతుంది. అదే సమయంలో వేసిన తొలి యూరియా ఆకు బరువును పెంచుతుంది. పల్లంలో నీళ్లు నిలిచి వేరు పట్టు సడలగానే, పాలు పోసుకునే దశలో గాలి వస్తే చేను వాలిపోతుంది. మన దేశం 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టి గోధుమ విత్తనం తెప్పించుకోవడానికి కారణం ఇదే. మన పాత పొడుగు రకాలు నత్రజని ఎక్కువైతే నిలబడలేకపోయాయి, జపాన్ నోరిన్ 10 గోధుమ నుంచి వచ్చిన పొట్టితనం ఆ చిక్కును తీర్చింది. చపాతీ రుచికి ఇప్పటికీ కొలమానంగా చెప్పుకునే సీ 306 రకం పొడుగుది, యూరియా జోరు పెంచితే పడిపోతుంది. పొట్టి రకమైనంత మాత్రాన ఎంత ఒత్తుగా చల్లినా నిలబడుతుందని అనుకోకూడదు. పడిన చేను గింజ సరిగా నిండక ముడుతలు పడుతుంది, తూకం పోతుంది. నేలను తాకిన కంకి తడిస్తే గింజలోనే మొలక కదిలి, పిండిపదార్థాన్ని విరగ్గొట్టే రసాలు పుడతాయి, అలాంటి పిండితో చేసిన బ్రెడ్డు లోపల జిగటగా ఉంటుంది.

అలాగని మరీ పలుచన చేయడం కూడా తప్పే. ఎకరాకు 25, 30 కిలోలకు దిగితే మొక్క ఆలస్యపు పిలకలతో ఖాళీని నింపుతుంది. తల్లి కంకి పండే నాటికి ఆ పిలక కంకులు ఇంకా పచ్చగా ఉంటాయి, మన దగ్గర ఫిబ్రవరి ఎండలు వాటిని మధ్యలోనే ఎండబెడతాయి. గింజ సైజు రకరకాలుగా వస్తే మిల్లరుకు నచ్చదు. కలుపు కూడా పెరుగుతుంది. అందుచేత మీకు నా సలహా చదరపు మీటరుకు 220 మొక్కలు నిలిచేలా విత్తడం. దానికి లెక్క ఇలా: 220ని 1,000 గింజల బరువుతో గుణించి, మళ్లీ 4.047తో గుణించి, 1,000తో భాగిస్తే కిలోలు వస్తాయి. దాన్ని మొలక శాతంతో సరిచేయాలి. 40 గ్రాముల విత్తనానికి ఇది 35.6 కిలోలు, మొలక 85 శాతమైతే 42 కిలోలు. లోక్‌వన్ గింజ లావు కాబట్టి 1,000 గింజలు 48 గ్రాములు తూగితే, అదే లెక్కన 50 కిలోలు అవుతుంది. కాబట్టి పక్కింటి రైతు 40 కిలోలు వేశాడని మీరూ వేస్తే సరిపోతుందని లేదు. ఇంట్లో వెయ్యి గింజలు లెక్కపెట్టి, ఊళ్లో నగలు తూచే త్రాసు మీద తూచి చూడండి, తడిగుడ్డలో వంద గింజలు చుట్టి మొలక చూడండి. ఒక సాయంత్రం పని.

చల్లడం మానేసి గొర్రుతో విత్తమని గట్టిగా చెబుతున్నాను. చల్లిన విత్తనం కొంత పైన, కొంత లోతుగా పడి, ఒకచోట గుంపుగా, ఒకచోట ఖాళీగా మొలుస్తుంది. ఆ భయంతోనే మనం 60 కిలోలు చల్లుతాం. ఎనిమిది తొమ్మిది అంగుళాల సాళ్లలో, రెండు అంగుళాల లోతున పడితే తక్కువ విత్తనంతోనే సమంగా వస్తుంది. అంతకంటే లోతైతే పొట్టి రకాల మొలక పైకి రాలేదు. విత్తడం ఆలస్యమై నవంబరు నెలాఖరు దాటితే మాత్రం పిలకలకు సమయం ఉండదు కాబట్టి విత్తనం నాలుగో వంతు పెంచి, సాళ్ల దూరం తగ్గించాలి.

ఇప్పుడు నత్రజని పంపకం. మొదట ఒక మార్పు: డీఏపీ బదులు సింగిల్ సూపర్ ఫాస్ఫేటు వాడండి. ఎకరాకు కావలసిన 24 కిలోల భాస్వరం 50 కిలోల బస్తాలు మూడింటిలో వస్తుంది, దానితో పాటు 16 కిలోలకు పైగా గంధకం కూడా వస్తుంది, డీఏపీలో గంధకం లేదు. గ్లూటెన్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేసేది గంధకపు బంధాలే. నత్రజని ఎంత పెంచినా గంధకం కొరత ఉంటే మాంసకృత్తు శాతం కాగితం మీద బాగానే కనిపిస్తుంది, ముద్ద మాత్రం సాగకుండా బిరుసుగా, తుంపితే తెగేలా తయారవుతుంది. ఏళ్ల తరబడి డీఏపీ, యూరియాలతోనే సోయా, గోధుమ తీస్తున్న పొలాల్లో ఈ విషయాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. మూడు బస్తాలు మోయడం కష్టమైతే, మీ దగ్గర దొరికే 20-20-0-13 ఎరువుతో కొంత భాగం తీర్చుకోవచ్చు, అందులోని చివరి అంకె గంధకానిదే. పొటాష్, జింకు మీ భూసార పరీక్షను బట్టి వేయండి.

సూపర్ వాడినప్పుడు నత్రజని అంతా యూరియా నుంచే రావాలి, 48 కిలోలకు 105 కిలోల యూరియా. దాన్ని నాలుగు విడతలు చేయండి. విత్తేటప్పుడు 35 కిలోలు, గింజ పక్కన కాకుండా దుక్కిలో కలిసేలా వేయాలి. 20, 22 రోజులకు, అంటే నేల మట్టానికి దగ్గరి కణుపు నుంచి కొత్త వేర్లు దిగే సమయంలో, మొదటి తడితో 35 కిలోలు. గోధుమకు ఇది అన్నిటికంటే ముఖ్యమైన తడి, దీన్ని మాత్రం తప్పించకూడదు. కాడలో మొదటి కణుపు వేలికి తగిలే సమయంలో, సుమారు 40, 45 రోజులకు, 20 కిలోలు. పోటాకు పూర్తిగా విచ్చుకొని కంకి ఇంకా ఆకు తొడుగులోనే ఉన్నప్పుడు చివరి 15 కిలోలు. రోజుల కంటే ఈ గుర్తులనే నమ్మండి, ఎందుకంటే మన దగ్గర చలి తగ్గిన ఏడాది పొట్ట దశ వారం పది రోజులు ముందే వచ్చేస్తుంది. ప్రతిసారీ చల్లిన వెంటనే పలుచగా తడి పెట్టి యూరియాను నేలలోకి దించాలి, నీళ్లు నిలవనీయకూడదు. పల్లంలో నీళ్లు పోవడానికి ఒక బోదె తీయండి.

చివరి విడతకు నీళ్లు చాలకపోతే 15 కిలోలు నేల మీద వేయడం దండగ, పొడి నేల నుంచి వేరు దాన్ని తీసుకోలేదు. అప్పుడు లీటరు నీటికి 20 గ్రాముల చొప్పున యూరియా కలిపి, ఎకరాకు 200 లీటర్లు, సాయంత్రం చల్లబడ్డాక ఆకుల మీద పిచికారీ చేయవచ్చు. ఒక పిచికారీలో వెళ్లేది 4 కిలోల యూరియా, 2 కిలోల లోపు నత్రజని. వారం విరామంతో రెండుసార్లు చేస్తే పైన చెప్పిన నాలుగున్నర కిలోల తేడాలో గణనీయమైన భాగం తీరుతుంది, ఆకు మీద పడింది కాబట్టి వృథా తక్కువ. మిట్టమధ్యాహ్నం చేస్తే ఆకు చివరలు మాడతాయి. పూత విచ్చుకున్న రోజుల్లో ఆపండి.

చివరి విడత పెంచితే ఇంకా మంచిదా అని మీకు అనిపించవచ్చు. ఆలస్యంగా అందే నత్రజని గ్లయాడిన్‌ను గ్లూటెనిన్ కంటే ఎక్కువగా పెంచుతుంది, ఒక హద్దు దాటితే ముద్ద సాగుతుంది కానీ నిలబడే బలం రాదు. పైగా చేను పచ్చగా ఎక్కువ రోజులు నిలిచి, పేనుబంక, తుప్పు తెగులు అంటుకుని, గింజ నిండటం ఎండల్లోకి జరుగుతుంది. ఆ ఎండే మన ప్రాంతపు అసలు కష్టం. గింజ నిండేటప్పుడు పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పిండిపదార్థం చేరడం ఆగిపోయి గింజ ముడుచుకుంటుంది. మాంసకృత్తు శాతం పెరిగినట్టు కనిపిస్తుంది, కానీ గ్లూటెనిన్ పొడవాటి గొలుసులుగా అల్లుకోదు, పిండి నీరసంగా ఉంటుంది. అందువల్ల నవంబరు మొదటి పక్షంలో విత్తడం బ్రెడ్డు గుణం కోసం మీరు ఖర్చు లేకుండా చేయగలిగిన అతి పెద్ద పని. సోయా కోత ఆలస్యమవుతోందనుకుంటే వచ్చే వానాకాలం తక్కువ కాలపు సోయా రకం చూసుకోండి.

మీ బావమరిది ఫిర్యాదులో పొలం తప్పు కానిది కూడా కొంత ఉంది. మీరు గిర్నీలో పట్టించింది పొట్టుతో కలిసిన పిండి, ఆయనకు అలవాటైనది మైదా. పొట్టు ముక్కలు గ్లూటెన్ వలను అక్కడక్కడ కోసేస్తాయి. రాయి కింద నలిగిన పిండిరేణువులు నీళ్లు ఎక్కువ తాగుతాయి, అది చపాతీకి వరం, బ్రెడ్డుకు చిక్కు. మైదాకు పోసినన్ని నీళ్లే దీనికీ పోస్తే ముద్ద బిగుసుకుపోతుంది. నీళ్లు కొంచెం ఎక్కువ పోసి, ముద్దను ఎక్కువసేపు నాననిచ్చి, మీ పిండిని మైదాతో సగానికి సగం కలిపి ఒకసారి చేసి చూడమనండి. రాయి వేడెక్కి పిండి చేతికి కాలేలా వస్తుంటే గిర్నీ వేగం తగ్గించమని చెప్పండి, ఆ వేడి గ్లూటెన్‌కు మంచిది కాదు.

నా మాట మీద మూడెకరాలూ మార్చేయకండి, మీ పొలంలోనే చూసుకోండి. ఒకే రకం నేల ఉన్న అరెకరాన్ని ఐదేసి గుంటల నాలుగు మడులు చేయండి. రెండింటిలో మీ పాత పద్ధతి ప్రకారం ఎకరాకు 60 కిలోల లెక్కన, రెండింటిలో మీరు కట్టిన కొత్త లెక్క ప్రకారం విత్తండి, నాలుగింటినీ గొర్రుతోనే విత్తాలి. ప్రతి జతలో ఒకదానికి యూరియా మొదటి మూడు వారాల్లోనే రెండు సగాలుగా, రెండోదానికి నాలుగు విడతలుగా వేయండి, మొత్తం మాత్రం ఒక్కో మడికి సమానంగా 13 కిలోలు ఉండాలి. వీలైతే ఇంకో అరెకరంలో మడుల క్రమం మార్చి ఇదే మళ్లీ వేస్తే నేల తేడా వల్ల మోసపోయే ప్రమాదం తగ్గుతుంది. కోసినప్పుడు ప్రతి మడి తూకం, 1,000 గింజల బరువు రాసుకోండి. ప్రతి మడి నుంచి వంద గింజలు బ్లేడుతో అడ్డంగా కోసి, ఎన్నిటిలో సున్నపు మచ్చ ఉందో లెక్కపెట్టండి.

జిగురు కొలవడం కూడా ఇంట్లో చేయవచ్చు. పిండిని పలుచని గుడ్డతో జల్లించి 25 గ్రాములు తీసుకోండి, 15 మిల్లీలీటర్ల నీటితో గట్టి ముద్ద చేసి, అరగంట నీళ్లలో ముంచి ఉంచండి. తర్వాత కింద గుడ్డ పట్టి, సన్నటి నీటి ధార కింద మెల్లగా పిసుకుతూ, నీళ్లు తెల్లగా రావడం ఆగేదాకా కడగండి. చేతిలో మిగిలే రబ్బరులాంటి ముద్దే గ్లూటెన్. ఇటలీలోని బొలోన్యాలో బెకారి అనే పండితుడు గోధుమ పిండిని ఇలా కడిగి వేరు చేసిన జిగురు గురించి 1745లో ప్రచురించాడు, ఈ పద్ధతి నేటికీ పనికొస్తోంది. ఆ ముద్దలోని నీళ్లను గట్టిగా పిండేసి తూచినప్పుడు 6, 7 గ్రాములుంటే బ్రెడ్డుకు తగినట్టే, 5 గ్రాములకు తక్కువైతే చాలనట్టు. తూకంతో పాటు దాన్ని వేళ్ల మధ్య సాగదీసి చూడండి, తెగకుండా సాగి, వదిలితే నెమ్మదిగా వెనక్కి రావాలి. నాలుగు మడుల ముద్దలు పక్కపక్కన పెట్టి మీ బావమరిదికి చూపిస్తే, ఏ మడి పిండి కావాలో ఆయన చేతివేళ్లే చెబుతాయి.

ధర విషయం ముందే మాట్లాడుకోండి. చపాతీ గోధుమగా మీ లోక్‌వన్‌కు ఊళ్లోనే గిరాకీ ఉంటుంది, దానికి మీ ప్రస్తుత గుణం చాలు. బేకరీ వాళ్లు క్వింటాలుకు ఎంత ఎక్కువ ఇస్తారో తేలకుండా నాలుగు విడతల కూలీ పెట్టుకోవడం తొందరపాటు. అయితే విత్తనం తగ్గించి సాళ్లలో వేయడం, గంధకం ఇవ్వడం, సకాలంలో విత్తడం ఎవరికి అమ్మినా మీకు లాభమే. కోత నాడు పడిపోయిన పల్లం గింజను నిలిచిన చేను గింజతో కలపకండి, గింజను 12 శాతం తేమ వచ్చేదాకా ఎండబెట్టి, రెండు కుప్పలూ వేర్వేరు గోనెల్లో నిలవ చేయండి. నాలుగు మడుల తూకాలు, మచ్చల లెక్క, జిగురు బరువులు వచ్చిన తర్వాత వాటిని, మీ భూసార పరీక్ష కాగితాన్ని జతచేసి నాకు రాయండి, రెండో ఏడాది మోతాదు ఆ అంకెలను బట్టి నిర్ణయిద్దాం.